కొయ్య దగ్గరికి ఎవరు వెళ్ళాలి

శంషాబాద్
14 జూన్ 2025

విజయక్కకు,

నీ పడవ ఫోటోలు నిన్న సాయంత్రం మనీషా చూపించింది. రంగు బాగుంది. అంతకు మించి మెచ్చుకోవడానికి నాకేమీ దొరకలేదు.

తెరచాప కొయ్య మొదట్లోంచి ఏడు తాళ్ళు క్యాబిన్ కప్పు మీదుగా పాకుతూ వచ్చి, నువ్వు కూర్చునే కాక్‌పిట్ అంచున వరసగా తేలాయి. అవేమిటని అడిగితే మా అమ్మాయి గొప్పగా చెప్పింది. "గాలి పెరిగితే విజయత్త కూసున్న కాడికెల్లే పెద్ద తెరచాపను చిన్నగ చేస్తది బాపు. కొయ్య దగ్గరికి పోవుడే లేదు."

మా ఊళ్ళో కాక్‌పిట్ అంటే విమానం నడిపేవాళ్ళు కూర్చునే గది. వాళ్ళకు బయటికి వెళ్ళే వీలు లేదు కాబట్టి మీటలన్నీ చేతికందేలా పెట్టారు. నీకేం వచ్చింది? సోఫాలో కూర్చుని టీవీ చానల్ మార్చినట్టు సముద్రం మీద తెరచాప కుదిస్తావా?

నీకు తెలియనిదేం కాదు, అయినా రాస్తున్నాను. గాలి ఎక్కువైనప్పుడు తెరచాపను మూరన్నర కిందికి దించాలి. ముందు అంచున ఉన్న రింగును కొయ్య దగ్గరి కొక్కేనికి తగిలించాలి. వెనక మూలను తాడుతో బిగించాలి. మూడే పనులు. కొయ్య దగ్గర నిలబడ్డవాడికి మూడూ కంటికి కనిపిస్తాయి, చేతికి తెలుస్తాయి. కూర్చున్న చోటి నుంచి లాగితే ఆ తాడు ఆరు కప్పీల్లోంచి తిరిగి రావాలి. ఒక్కో కప్పీ ఇంత బలం తినేస్తుంది. ఎక్కడ ఇరుక్కుందో నీకు కనిపించదు. ఇంకా గట్టిగా లాగుతావు, ఇంకా ఇరుక్కుంటుంది.

మనీషా ఎయిర్‌పోర్టులో తను పనిచేసే విమానాల మరమ్మతు షెడ్డులో నెల రోజుల సెలవు అడిగి, డిసెంబరులో నీతో పుదుచ్చేరి దాకా వస్తానంటోంది. రానీ. కానీ నీ పద్ధతి నేర్చుకుని రావడం నాకు ఇష్టం లేదు. షాద్‌నగర్ నుంచి ఇరవై అడుగుల పైపు, టార్పాలిన్ తెప్పించి మేడ మీద కొయ్య నిలబెట్టాను. పక్కింటి శివమ్మ గోడ మీంచి చూసి, "ఏంది గోవర్ధనన్నా, ఫోన్ టవర్ పెడుతున్నవా? జర మమ్మల్ని గూడ అడగాలె కద" అంది. పడవ నేర్పుతున్నానంటే నవ్వుకుంటూ పోయింది. ఆమె నవ్వినా ఫరవాలేదు. నీ ఫోటోలు చూసి నాకు నవ్వు కూడా రాలేదు.

గోవర్ధన్

&nbsp;

విశాఖపట్నం
25 జూన్ 2025

గోవర్ధన్‌కు,

ఫోన్ చేయకుండా ఉత్తరం రాసినందుకు సంతోషం. ఫోన్లో నువ్వు మాట పూర్తిగా వినవు, నేను పెట్టేస్తాను. కాగితం మీదైతే కనీసం కవరు అంటించే ముందైనా ఒకసారి చదువుకుంటావని ఆశపడ్డాను. చదువుకోలేదని తెలుస్తూనే ఉంది.

ఇరవై రెండేళ్ళుగా నువ్వు పిల్లలకు పడవ నేర్పేది హుస్సేన్‌సాగర్‌లో. అక్కడ పెద్ద అల అంటే పర్యాటకుల లాంచీ వెళ్ళినప్పుడు లేచేది. మునిగితే బిర్యానీ తింటున్నవాళ్ళు గట్టు మీంచి లేచి చూస్తారు. నీ పిల్లల బుల్లి పడవల్లో తెరచాప కుదించే ఏర్పాటే ఉండదు. గాలి పెరిగితే ఇంటికి పంపేస్తారు. అలాంటి చోట ఉద్యోగం చేస్తూ కొయ్య దగ్గర ఎలా నిలబడాలో నాకు చెబుతున్నావు.

నా 'గువ్వ' ముప్ఫై అడుగుల పడవ. అందులో మనీషా, నేను ఇద్దరమే ఉంటాం. ఒకరు నిద్రపోతే రెండోవాళ్ళు ఒంటరి. ఆ ఒంటరి మనిషి తడి కప్పు మీద పాకుతూ కొయ్య దగ్గరికి వెళితే, జారితే, లోపల పడుకున్నవాళ్ళకు తెలియను కూడా తెలియదు. కొయ్య దగ్గర మనిషికి పనికి ఒక చెయ్యే మిగులుతుంది, రెండోది పట్టుకోవడానికే సరిపోతుంది. కూర్చున్న చోట రెండు చేతులూ పనికొస్తాయి. నా ఎడమ చేతికి మూడే వేళ్ళు కాబట్టి ఈ తేడా నీకంటే నాకు బాగా తెలుసు.

అన్నట్టు, మనీషా మొన్న వీడియో కాల్‌లో ఆ వేళ్ళ సంగతి అడిగింది. తాడులో పడి పోయాయని చెప్పాను. అంతే చెప్పాను.

పైపు దించెయ్. పిడుగుల కాలం.

విజయ

&nbsp;

శంషాబాద్
17 ఆగస్టు 2025

విజయక్కకు,

పైపు దించలేదు. ఇంకో రెండు తాళ్ళతో బిగించాను.

రెండు నెలల్లో మనీషా ఎంత నేర్చుకుందో చూసి ఉంటే నీ కప్పీలన్నీ విప్పి సముద్రంలో పారేసేదానివి. ఈ నెల విమానాలు తూర్పున మంఖాల్ వైపు నుంచే దిగుతున్నాయి, అంటే వాటికి ఎదురుగా పడమటి గాలి. మేడ మీద టార్పాలిన్ చెంప పగలగొట్టేంతగా కొడుతుంది. ఆ గాలిలో మా అమ్మాయి దించి, తగిలించి, బిగించడం యాభై సెకన్లలో ముగిస్తోంది. నేను కుర్చీలో కూర్చుని గడియారం చూస్తాను. నిన్న వానలో కూడా చేయించాను. వాళ్ళమ్మ నిర్మల కింది నుంచి, "పిల్లను ఏం జేద్దామనుకున్నవ్ నువ్వు" అని అరిచింది. సముద్రానికి తయారు చేస్తున్నానన్నాను. పక్క ఊరు సాతంరాయిలో మా అన్నదమ్ముల పిల్లలంతా ప్లాట్ల బ్రోకర్లయ్యారు. మా ఇంటి నుంచి ఒక్కరైనా ఒళ్ళు వంచే పని చేయనీ.

నీ ఉత్తరంలో నువ్వు చెప్పని మాట ఒకటుంది, దాన్ని నేనే చెబుతాను. వేళ్ళు పోయిన రోజు నుంచి నీకు కొయ్యంటే భయం. ఆ భయానికి కప్పీలు బిగించి జాగ్రత్త అని పేరు పెట్టావు. యాభై ఏడేళ్ళ వయసులో నీ ఇష్టం నీది. వెనక కూర్చుని తాళ్ళు లాక్కో. కానీ దాన్ని ఒక విద్యలాగా మా అమ్మాయికి అంటించకు. ఆమెకు భయం తెలియదు. నా బిడ్డ.

గోవర్ధన్

&nbsp;

విశాఖపట్నం
9 సెప్టెంబర్ 2025

గోవర్ధన్‌కు,

"భయానికి కప్పీలు బిగించావు" అన్న వాక్యం నాలుగుసార్లు చదివాను. అది రాయడానికి నీకు చెయ్యి ఎలా ఆడిందా అనుకున్నాను. ఐదు వేళ్ళూ ఉన్న చెయ్యి కదా, ఆడి ఉంటుంది.

నువ్వు మరిచిపోయినట్టు నటిస్తున్నావు కాబట్టి మొదటి నుంచీ చెబుతాను.

2003 డిసెంబర్. హుస్సేన్‌సాగర్ పడవల క్లబ్బు తరఫున మనిద్దరం అరువు పడవలో ఇక్కడి నుంచి కాకినాడ బయలుదేరాం. మధ్యాహ్నం మూడింటికి గాలి పెరిగింది. చుక్కాని నా చేతిలో ఉంది. "నేను పోత అక్కా" అని నువ్వే లేచావు. కొయ్య దగ్గరికి వెళ్ళి తెరచాపను సగం దించావు. ఆ తర్వాత రింగు తగిలించి "అయింది" అని అరవాలి. ఆ అరుపు కోసం చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. రాలేదు. నీ వీపు మాత్రమే కనిపిస్తోంది. పని చేస్తున్నావనుకున్నాను. రింగు మొరాయిస్తోందేమో అనుకున్నాను. సగం దిగిన గుడ్డ పిచ్చెత్తినట్టు కొట్టుకుంటోంది, పడవ ఒరిగి నీళ్ళు లోపలికి వస్తున్నాయి, నేను నీ వీపును చూస్తూ అదనీ ఇదనీ ఊహించుకుంటున్నాను. అయిదారు నిమిషాలు అలాగే గడిచాయి. చివరికి చుక్కానిని తాడుతో కట్టేసి పాక్కుంటూ వచ్చాను.

నువ్వు కొయ్యను రెండు చేతులతో కౌగిలించుకుని, కళ్ళు మూసుకుని ఉన్నావు. పిలిస్తే పలకలేదు. రింగు నేనే తగిలించాను. వెనక మూల తాడు లాగుతుండగా తెరచాపలో గాలి ఒక్కసారిగా నిండింది. తాడుకూ దాన్ని చుట్టే చక్రానికీ మధ్య నా ఎడమ చెయ్యి ఉంది.

ఆ రోజు నీ మీద కోపం రాలేదు. అంత గాలిలో కాళ్ళూ చేతులూ బిగుసుకుపోవడం నేను ఇంకా చాలామందిలో చూశాను. కోపం వారం తర్వాత వచ్చింది, క్లబ్బుకు నువ్వు రాసిచ్చిన రిపోర్టు చదివినప్పుడు. నువ్వు కొయ్య దగ్గర పని చేస్తుండగా విజయ తొందరపడి చుక్కాని వదిలేసి వచ్చి వేరే తాడు పట్టుకుందని రాశావు. ఆ తర్వాత క్లబ్బు నాకు మళ్ళీ పడవ ఇవ్వలేదు. హైదరాబాద్ వదిలి ఇక్కడికి వచ్చేశాను. నువ్వు మళ్ళీ సముద్రం మీదికి రాలేదు, కోచ్‌వి అయ్యావు.

ఎందుకు ఊరుకున్నానో చెప్పనా? నిర్మల రెండేళ్ళ మనీషాను చంకనేసుకుని ఆసుపత్రికి నా కోసం అన్నం పట్టుకొచ్చేది. క్లబ్బులో నీ ఉద్యోగం ఆ నెలే ఖాయం కావాల్సి ఉంది. కట్టు కట్టిన ఎడమ చేతిని ఒళ్ళో పెట్టుకుని ఆ అన్నం తింటూ నీ ఇంటి పొయ్యి ఆర్పలేకపోయాను. నీ మీద ప్రేమతో అనుకోకు.

డిసెంబరులోపు మనీషాకు ఇది నువ్వే చెప్పాలి. చెప్పకపోతే ఆ అమ్మాయిని పడవ ఎక్కించుకోను. నేను చెప్పను. నాకు అసహ్యం.

విజయ

&nbsp;

శంషాబాద్
2 నవంబర్ 2025

విజయక్కకు,

చెప్పాను.

దసరాకే చెబుదామనుకుని, ఇంటి నిండా చుట్టాలున్నారని మానేశాను. ఆ తర్వాత ఆమెకు రాత్రి డ్యూటీలని మానేశాను. సాకులు దొరకడంలో నాకెప్పుడూ లోటు రాలేదు.

పోయిన ఆదివారం పొద్దున మేడ మీద మనీషా అభ్యాసం చేసి ముప్ఫై ఎనిమిది సెకన్లు అంది. నేను ఎప్పటిలాగే కుర్చీలో ఉన్నాను. "బాపు, నువ్వొకసారి జేసి చూపియ్యి. నాకు అలవాటైంది గని నీ చేతి పని నేనెప్పుడు చూడలే" అంది. లేచాను. పైపు పట్టుకున్నాను. గాలి కూడా లేదు, శివమ్మ ఆరేసిన చీరలు కదలడం లేదు. టార్పాలిన్ దించాను. రింగు చేతిలో ఉంది, కొక్కెం ఎదురుగా ఉంది. అక్కడే ఆగిపోయాను. "ఏమైంది" అంది. పైపు వదలకుండానే అంతా చెప్పాను, రిపోర్టుతో సహా.

కోప్పడుతుందనుకున్నాను. "భయమైతే అయింది బాపు, అందరికయితది. అత్తకు వినపడెటట్టు ఒక్క మాట ఎందుకనలే?" అంది. "రిపోర్టెందుకు గట్ల రాసినవ్" అని మాత్రం అడగలేదు. అదే అడిగి ఉంటే బాగుండేది.

నిర్మల మెట్ల మీద నిలబడి అంతా విన్నదని తర్వాత తెలిసింది. "గిన్నేండ్ల సంది పక్కల పండుకుంటున్న. నాతోని గూడ దాచినవ్ కద" అంది. ఆమె వారం నుంచి అన్నం పెడుతోంది, మాట్లాడడం లేదు.

నీ కాక్‌పిట్ తాళ్ళ గురించి నా అభిప్రాయం మారలేదు. అవి ఇరుక్కుంటాయి. అది చెప్పడానికి నాకు అర్హత లేదని నువ్వంటావు. అర్హత లేకపోయినా నిజమే.

మనీషా డిసెంబర్ పన్నెండున రైలెక్కుతుంది.

గోవర్ధన్

&nbsp;

కాకినాడ
20 డిసెంబర్ 2025

గోవర్ధన్‌కు,

మనీషా క్షేమం. అది ముందు చదువుకో. మిగిలింది నెమ్మదిగా చదువు.

పదిహేడో తేదీ పొద్దున విశాఖ వదిలాం. మధ్యాహ్నం ఒంటిగంటకు ఈశాన్యం నుంచి గాలి లేచింది. మొదటి కుదింపు కూర్చున్న చోటి నుంచే చేశాను. నిమిషమున్నర పట్టింది. మనీషా చప్పట్లు కొట్టింది. నీకు రాయాలని అప్పుడే వాక్యాలు కూడా కూర్చుకున్నాను, చాలా మంచి వాక్యాలు.

రెండింటికి గాలి ఇంకా పెరిగింది. రెండో కుదింపుకు తాడు లాగితే రెండు మూరలు వచ్చి ఆగిపోయింది. చక్రానికి చుట్టి తిప్పాను. రాలేదు. వేలాడుతున్న గుడ్డ మడత ఒకటి తాడుతో పాటు కొయ్య మొదట్లోని కప్పీలోకి దూరిందని తర్వాత తెలిసింది. ఇరుక్కుంటుందని నువ్వు రాశావు, ఇరుక్కుంది. నీ చేతికి ఈ వాక్యం ఇస్తున్నందుకు నా పళ్ళు పటపటమంటున్నాయి.

"నేను పోత అత్తా" అంది. సరిగ్గా ఆ మాటే. వద్దనబోయాను. నడుము పట్టీ తాడుకు తగిలించి ఉందో లేదో రెండుసార్లు చూసి పంపాను. చక్కగా వెళ్ళింది, నువ్వు నేర్పినట్టే మోకాళ్ళ మీద. కొయ్యను చేరింది. ఆగిపోయింది.

నాకు మళ్ళీ ఒక వీపు కనిపించింది. పడవ అదే సముద్రంలో, అదే నెలలో, అంతే ఒరిగి ఉంది. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నీ మీద నాకున్నంత అసహ్యం ఈ ఇరవై రెండేళ్ళలో ఎప్పుడూ లేదు. నువ్వు నీ పిల్లకు యాభై సెకన్లు, ముప్ఫై ఎనిమిది సెకన్లు నేర్పావు. కదలని నేల మీద నేర్పావు.

అప్పుడు అరిచింది. "అత్తా, నాతోని అయితలేదు. చేతులు వస్తలేవు."

గాలిలో కూడా ప్రతి అక్షరం వినిపించింది. "సరే, కొయ్యను పట్టుకుని అక్కడే కూర్చో, ఏమీ చేయకు" అన్నాను. పడవను గాలి వైపు తిప్పి, ముందు తెరచాపను అడ్డం పెట్టి, చుక్కానిని ఎదురు కట్టాను. పడవ నెమ్మదించి, ఉన్నచోటే ఊగుతూ నిలబడింది. ఊరికే ఊహిస్తూ కూర్చోలేదు కాబట్టి ఇదంతా రెండు నిమిషాల పని. తర్వాత పాక్కుంటూ వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాను. "బాపుకు గూడ గిట్లనే అయిందా?" అని అడిగింది. అవునన్నాను. "కానీ నువ్వు అరిచావు, మీ బాపు అరవలేదు" అన్నాను. ఏడ్చింది, కాసేపు. ఆ తర్వాత గుడ్డను కప్పీలోంచి నేను పీకాను, రింగు ఆమె తగిలించింది. రెండోసారికి కొక్కేనికి పడింది. వెనక మూల తాడు బిగించేటప్పుడు, "నీ చెయ్యి దూరం వెట్టు అత్తా" అని నా మణికట్టు పట్టుకుని పక్కకు జరిపింది.

గోవర్ధన్, ఆ రోజు నువ్వు అరిచి ఉంటే నేను ఇదే చేసేదాన్ని. పడవను అలా నిలబెట్టడం నాకు అప్పుడూ వచ్చు.

తెల్లవారేసరికి కాకినాడ చేరాం. గుడ్డ పీకేటప్పుడు నా కుడి భుజం పట్టేసింది, మూడు వారాలు బరువు ఎత్తకూడదని డాక్టర్ అన్నాడు. మనీషా వెనక్కి రానంటోంది. పుదుచ్చేరి దాకా వెళ్ళాల్సిందేనట. ఇంకో మనిషి కావాలి. సముద్రం ముఖం చూసిన శిష్యుడెవడైనా నీకు ఉంటే పంపు. ఉండడని తెలుసు, మర్యాదకు అడుగుతున్నాను.

విజయ

&nbsp;

శంషాబాద్
23 డిసెంబర్ 2025

విజయక్కకు,

అలాంటి శిష్యుడు లేడు. వెతికాను కూడా. పద్దెనిమిది మందిని అడిగాను, ఇద్దరు ఎంత ఇస్తారని అడిగారు, ఒకడు వైఫై ఉంటుందా అన్నాడు. నేను తయారు చేసిన సరుకు ఇది.

మనీషా ఫోన్ చేసింది. "నాతోని కాలే బాపు" అన్నదే మొదటి మాట, హలో కూడా అనలేదు. ఇరవై నాలుగేళ్ళ పిల్ల, ఎంత తేలిగ్గా అన్నదో. "మంచిపని జేసినవ్" అని ఒక్క మాట చెప్పగలిగాను. ఫోన్ నిర్మల లాక్కుని గంటసేపు మాట్లాడింది.

నిన్న క్లబ్బుకు వెళ్ళాను. 2003 ప్రమాదంలో విజయ తప్పు ఏమీ లేదని, కొయ్య దగ్గర చేతులు బిగుసుకుపోయింది నాకని, రిపోర్టులో అబద్ధం రాసింది నేనని రాసి, సంతకం పెట్టి సెక్రటరీకి ఇచ్చాను. శ్రావణ్‌కుమార్ అని కొత్తతను. చదివి, "ఇప్పుడు గివన్నీ ఎందుకు సార్, ఎవలకు గుర్తుంది" అన్నాడు. నాకు గుర్తుందన్నాను. పాత ఫైలు అడుగు నుంచి తీయించి, నా కళ్ళ ముందే అందులో పెట్టించాను. కమిటీ ముందు పెడతాడట. కోచ్‌గా ఉంచుతారో లేదో తెలియదు. ఉంచకపోతే వాళ్ళ తప్పేమీ కాదు.

నీకు క్షమాపణ చెప్పాలి. ఎలా చెప్పాలో నాలుగు కాగితాలు రాసి చించాను. నీ వేళ్ళు నా వల్ల పోయాయి. నీ ఊరు నా వల్ల పోయింది. ఆ తర్వాత నిన్నే పిరికిదానివన్నాను. క్షమించమని అడగడానికి కూడా నాకు సిగ్గుగా ఉంది, అయినా అడుగుతున్నాను.

మూడో మనిషిగా నేను వస్తాను. చుక్కాని పట్టుకోగలను, వంట చేయగలను, రాత్రి కాపలా ఉండగలను, కూర్చున్న చోటి నుంచి తాళ్ళు లాగగలను. అవును, నీ కాక్‌పిట్‌లో కూర్చునే. కొయ్య దగ్గరికి మాత్రం వెళ్ళలేను. వెళ్తానని లేచినా పంపకు. ఇది ఇక్కడ, నేల మీద, వణుకు లేని చేత్తో రాస్తున్నాను, కాబట్టి నమ్ము.

ఎల్లుండి రాత్రి రైలుకు టికెట్ తీసుకున్నాను. ఈ ఉత్తరం నాకంటే ముందు చేరాలని కొరియర్‌లో పంపుతున్నాను. వద్దనిపిస్తే మనీషాతో ఒక్క మాట చెప్పించు, స్టేషన్ నుంచే వెనక్కి వచ్చేస్తాను. రమ్మంటే, పడవలో ఏ పని చెప్పినా చేస్తాను. నా చేత కానిది వస్తే అరుస్తాను.

గోవర్ధన్